అవ్వ దాచిన పేపర్లకు కిమ్మతెంత

మా తమ్ముడు సాయిలు ఏ పనైనా నన్ను అడగకుండా చేస్తాడు, చేశాక మాత్రం మెచ్చుకోమంటాడు. మొన్న ఒక పొద్దున ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలో మా ఇంటికి వచ్చి, కారు డిక్కీలోంచి రేకు సందుగ ఒకటి దింపి, తుడిచిన హాలు మధ్యలో దుమ్ముతో సహా పెట్టాడు. అవ్వ, అంటే మా అమ్మ, పోయి ఏడాది దాటింది. ఆమె పడుకునే గదికి పైకప్పు మారుస్తుంటే అటక మీద దొరికిందట. మూత ఎత్తగానే ముందు పాత కాగితం వాసన, దాని వెనకే తంబాకు ఘాటు వచ్చాయి. బీడీలు మానేసి అవ్వ ఎన్నేళ్లు బతికిందో, అయినా ఆ ఘాటు పోలేదు. లోపల అన్నీ పేపర్లే. నాలుగు మడతలు వేసి, పది పది కలిపి, బీడీ దారంతో కట్టలు కట్టి ఉన్నాయి.

“అక్కా, ఫోన్ల సూసిన. పాత పేపర్లకు మస్తు కిమ్మతున్నదట. ఒక్కో దానికి లచ్చలిస్తున్నరట,” అన్నాడు.

“ఎవలిస్తున్నరురా?”

“కొనేటోళ్లు,” అన్నాడు, అంతకంటే తెలివైన జవాబు ఉండదన్నట్టు. తర్వాత కారులోంచి గుండ్రంగా చుట్టిన ప్లాస్టిక్ చుట్ట ఒకటి తెచ్చి నేల మీద పరిచాడు. తొమ్మిది పేపర్ల మొదటి పేజీలు అద్దాల్లా మెరుస్తున్నాయి. “గీతలు గిట్ల లేకుండ సాఫ్ ఉన్నయి ఏరి లామినేషన్ కొట్టించిన. ఇగ నూరేండ్లయినా ఖరాబు గావు.”

మన దగ్గర ఇదొక జబ్బు. పదో తరగతి మెమో, కుల సర్టిఫికెట్, పెళ్లి ఫోటో, దేవుడి పటం, ఏది విలువైనదని తోస్తే దాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి కాల్పించే దాకా నిద్ర పట్టదు. లోపలి పేజీలేవిరా అని అడిగితే, “లోపలియి ఏం జేసుకుంటం? మొదటిదే గద అసలుది. షాపాయన గవి ఆడనే పడేసిండు,” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ లచ్చలన్న మాట నా చెవిలోనూ పడింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని క్లాసులో పిల్లలకు ముప్పై ఏళ్లు సామెత చెప్పిన పంతులమ్మను, ఆ సాయంత్రం దాకా మేడ మీద ఇంకో గది ఎటు వైపు వేస్తే గాలి వస్తుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అసలు ఈ పేపర్లు మా ఇంట్లోకి ఎలా వచ్చాయో సాయిలుకు గుర్తుండదు, అప్పటికి వాడు చంకలో పిల్లవాడు. మేము బాపు అని పిలిచే మా నాన్న మస్కట్‌లో ఉండేవాడు. మా వాళ్లకు మస్కట్ అయినా ఇంకేదైనా అన్నీ దుబాయే. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. ఎల్లారెడ్డిలో బస్టాండు వెనక మాది రెండు గదుల ఇల్లు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్లు ఒడిలో చాటలు పెట్టుకుని మా అరుగు మీద చేరేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు పొడి, కత్తెరల చప్పుడు. ఎవరూ చేతుల వైపు చూసేవాళ్లు కాదు. చూపు వీధిలో, మాట పక్కామెతో, వేళ్లు మాత్రం వాటి పాటికి అవి ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో పడేస్తుండేవి. వంచిన మెడలు ఎత్తకుండా పొద్దు గూకే దాకా చుట్టేవాళ్లు. సాయంత్రం కార్ఖానాలో సేటు వాటిలో సగం వంకరగా ఉన్నాయని పక్కకు తీసేస్తే, ఆ వంకర బీడీలు తెచ్చి అవ్వ బస్టాండు దగ్గర చాయ హోటలు నడిపే ఖాదర్ చాచాకు ఇచ్చేది. దానికి బదులు చాచా ముందురోజు పేపరు ఇచ్చేవాడు. కామారెడ్డి నుంచి బస్సులో వచ్చి, హోటల్లో పదిమంది చేతులు మారి, చాయ మరకలు పడి, మర్నాడు మా అరుగెక్కేది.

ఆ పేపరు చదవడం నా పని. మా ఈడు ఆడపిల్లలందరూ బడి నుంచి రాగానే తల్లుల పక్కన కూర్చుని దారాలు కట్టాల్సిందే. నాకు మాత్రం మినహాయింపు. నేను మెట్టు మీద కూర్చుని పేపరు గట్టిగా చదివితే, నా వంతు బీడీలు తలా కొన్ని చుట్టి అవ్వ చాటలో వేసేవాళ్లు. పక్కింటి లచ్చవ్వకు బంగారం ధర కావాలి, కొననే కొనదు. ఇంకొకామెకు ఎక్కడ బస్సు బోల్తా పడిందో కావాలి. ఎవరికీ పట్టని రాజకీయాలు నేను మింగేస్తే లచ్చవ్వ పసిగట్టేది. “ఏయ్ పోరీ, నడుమ తప్పిస్తున్నవు, సక్కగ సదువు,” అని అరిచేది. చదువు రాని వాళ్లకు అంత ఖచ్చితంగా ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాకు గొంతు, తడబడకుండా చదవడం, ఆపాల్సిన చోట ఆపడం అక్కడే పట్టుబడ్డాయి. ట్రైనింగ్ కాలేజీలో నేర్చుకున్నది తక్కువ.

చదవడం అయ్యాక పేపరును అవ్వ పొయ్యిలో పెట్టేది కాదు, పొట్లాలకూ ఇచ్చేది కాదు. ఇంట్లో ఏదన్నా జరిగిన రోజైతే ఆ రోజు పేపరు తీసి సందుగలో పెట్టేది. బాపు వచ్చాక చదువుకుంటాడని. అక్కడ ఎడారిలో మనిషికి మన ముచ్చట్లేం తెలుస్తాయి, వచ్చి ఇవన్నీ చూస్తే ఊళ్లో ఉన్నట్టే అవుతుందని ఆమె లెక్క.

ఇదంతా మేము పేపర్లు చూపించిన నాణేలాయనకు చెప్పాలని నాకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కామారెడ్డిలో స్టేషన్ వైపు పాత నాణేలు, స్టాంపులు కొనే పెద్దమనిషి ఉన్నాడని విని, సాయిలు వచ్చిన మర్నాడే ఇద్దరం వెళ్లాం. మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, చాయ చెప్పాడు. అద్దం పెట్టి కాగితం అంచులు చూశాడు, వాసన చూశాడు, మడత దగ్గర వేలితో మెల్లగా నిమిరాడు. ఆ తర్వాత ఒక్కొక్క ప్రశ్నకు నా మేడ మీది గది ఒక్కొక్క గోడ కూలుతూ వచ్చింది.

“మేడమ్, పాత పేపరు అంటే పాతదైనందుకే ధర రాదు. ఆ తారీఖున ఏదో పెద్ద సంగతి జరిగి ఉండాలి. పేజీలన్నీ ఉండాలి. చిరుగు, మరక, రాత ఉండొద్దు. ఇది ఏ రోజుది? ఆ రోజు ఏమైంది?”

కట్టలోంచి ఆయన తీసిన పేపరు వైపు చూశాను. మొదటి పేజీలో ఎవరో మంత్రి ఎక్కడో శంకుస్థాపన. అంచు మీద నా చిన్ననాటి అక్షరాలు. ఆ శంకుస్థాపన నేను అరుగు మీద చదివిన రోజు ఏమైందో నాకు బాగా తెలుసు. ఆ రోజు లచ్చవ్వ బర్రె ఈనింది. ఆ మాట ఆ పెద్దమనిషి ముందు ఎలా అనను? “మామూలు రోజేనండి,” అన్నాను.

“అన్నీ మామూలు రోజులే ఉన్నట్టున్నాయి,” అన్నాడాయన ఇంకో కట్ట విప్పి. అది నిజమే. దేశం గుండెలు బాదుకున్న రోజుల పేపర్లను ఖాదర్ చాచా ఎవరికీ ఇచ్చేవాడు కాదు, మైదాపిండి పూసి హోటలు గోడకు అంటించుకునేవాడు. మాకు వచ్చినవి ఎవరికీ అక్కర్లేని రోజులు. పైగా ఏది దాచాలో నిర్ణయించింది చదువు రాని అవ్వ. ఆమెకు మంత్రి ఎవరో, శంకుస్థాపన ఏమిటో ఎందుకు?

“పైన రాతలు కూడా ఉన్నాయి. రాత ఉంటే ఎవరూ ముట్టుకోరు. సాఫ్‌గా ఉన్నవి ఏమైనా ఉన్నాయా?”

సాయిలు కాచుకుని ఉన్నది ఆ మాట కోసమే. గర్వంగా ప్లాస్టిక్ చుట్ట విప్పాడు. ఆ పెద్దమనిషి తొమ్మిదింటినీ చూసి, అద్దం పక్కన పెట్టేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అంచులు ఎంత బాగున్నాయో. ఇవి ఉన్నవి ఉన్నట్టు తెస్తే ఎంతో కొంత మాట్లాడేవాణ్ణి. ప్లాస్టిక్ కాలితే కాగితంలో కలిసిపోతుంది బాబూ, ఇక ఊడదు. ఇప్పుడు వీటిని తూకానికి కొనే రద్దీవాడు కూడా తీసుకోడు.”

బయటికి వచ్చి నడుస్తున్నంతసేపూ నేను సాయిలును తిట్టాను. ఫోన్లో ఎవడో కూస్తే నమ్మినందుకు, లోపలి పేజీలు పారేసినందుకు, ప్లాస్టిక్ కాల్పించినందుకు, చివరికి ఎండగా ఉన్నందుకు కూడా తిట్టాను. వాడు ప్లాస్టిక్ చుట్ట చంకలో పెట్టుకుని, “అవ్వ దాచిందని ఖరాబు గావద్దని జేపిచ్చినక్కా. గయితే గా రాతలు రాసి ఖరాబు జేసిందెవలు? గది గూడ నేనేనా?” అన్నాడు.

కాదు. అది నేనే.

అవ్వకు చదువు రాదు. నెలకోసారి బాపుకు ఉత్తరం రాసేందుకు వాడలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన ముందు ఇంటి సంగతులు చెప్పుకోవడానికి అవ్వకు సిగ్గు. ఉత్తరంలో క్షేమసమాచారాలు, ఆయన వాడే పెద్దపెద్ద మాటలు తప్ప ఏమీ ఉండేది కాదు. అందుకని పేపరు సందుగలో పెట్టే ముందు నన్ను కూర్చోబెట్టి, అక్షరాలు లేని అంచు చూపించి, “ఈడ రాయి బిడ్డా,” అని చెప్పడం మొదలుపెట్టేది. చేతులు కడుక్కుని, కొంగు సర్దుకుని, నిజంగానే బాపు ఎదురుగా కూర్చున్నట్టు చెప్పేది.

“లచ్చవ్వ బర్రె ఈనింది, ఆడదూడ. పొద్దుగాల జున్నుపాలు పంపింది. నీకు జున్నంటే పాణం గద, నాకు ముద్ద దిగలే. పోరగాండ్లు అడిగితే వండి పెట్టిన. సాయిలుకు జరం తగ్గింది. రాత్రంత నా మీదనే పండిండు. చింతకాయ తొక్కు పెట్టిన, ఈసారి ఉప్పెక్కువైంది, నువ్వచ్చేటాళ్లకు సగం అయితది. మల్ల...”

అది ఆగేది కాదు. వీధిలో మా జట్టు తొక్కుడుబిళ్ల ఆడుతుండేది. నాకు కాళ్లు నిలిచేవి కావు. ఆమె చెప్పినంతసేపూ పెన్సిలు కదుపుతూ ఉండి, చివరికి అంచు మీద రాసేది రెండు మాటలు: అందరం బాగున్నం. అవ్వ ఆ అక్షరాల మీద తంబాకుతో నల్లబడ్డ వేలు పెట్టి చూసేది. “గంత సేపు జెప్పిన గద, గింతనేనా?” అనేది. “సన్నటి అక్షరాలతోని రాసిన అవ్వా, అన్నీ పట్టినయి,” అని చెప్పి పరుగెత్తేదాన్ని. ఒక్కసారి కాదు, రెండేళ్లు ఇలాగే చేశాను. బర్రె ఈనిన రోజు అందరం బాగున్నం. సాయిలు జ్వరంతో మూలిగిన రోజు అందరం బాగున్నం. బావిలో నీళ్లు ఎండిపోయి అవ్వ కోసెడు దూరం నుంచి మోసిన ఎండాకాలం అంతా అందరం బాగున్నం. తరవాత ముప్పై ఏళ్లు పిల్లల కాపీ రాతలు ఎర్రసిరాతో కొట్టేసిన చేతులివి.

బాపు సెలవుకు వచ్చాడు. మంచం మీద పేపర్లన్నీ పోసుకుని ఒక్కొక్కటే చదివాడు. అవ్వ బీడీల చాట పట్టుకుని గడపలో కూర్చుని ఆయన మొహమే చూస్తోంది. నేను తలుపు వెనక ఉన్నాను. నాలుగైదు అయ్యాక బాపు నవ్వి, “ఎప్పుడు జూసినా అందరు బాగనే ఉన్నరు. నేను లేకుంటే గింత మంచిగుంటరా?” అన్నాడు.

“మంచిగ సూడు. బిడ్డ సన్నగ రాసింది,” అంది అవ్వ.

బాపు తల ఎత్తి తలుపు వైపు చూశాడు. నా మొహంలో ఆయనకు సంగతి దొరికింది. నన్ను కాపాడదామనే, పేపరు కళ్ల దగ్గరికి తెచ్చుకుని, “ఆ, ఉన్నదున్నది. వాన మంచిగ పడ్డదని రాసింది,” అన్నాడు. అది ఎండాకాలపు పేపరు. మా ఇంట్లో నీళ్ల బిందె అడుగంటిన రోజులవి. అవ్వ నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కాసేపు బాపునూ నన్నూ చూసి, తల వంచుకుని ఆకు చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ రోజు తర్వాత కూడా పేపర్లు దాచింది, మానలేదు. రాయమని మాత్రం నన్ను అడగలేదు. సాయిలు గీతల్లేకుండా సాఫ్ ఉన్నాయని ఏరిన తొమ్మిదీ, ఆ పెద్దమనిషి అంచులు ఎంత బాగున్నాయో అని మెచ్చుకున్న తొమ్మిదీ ఆ తర్వాతివే.

అందులో ఒకదాన్ని నేను గుర్తుపట్టాను. ప్రాజెక్టు గేట్లు ఎత్తిన ఫోటో ఉంది, నీళ్ల తుంపర పొగలా లేస్తూ. ఆ ఫోటో చూపిస్తే ఆ రోజు అరుగు మీద చాటలన్నీ ఆగిపోయాయి. అంతకు వారం ముందు మస్కట్ నుంచి ఉత్తరం వచ్చింది. పిల్ల ఏడో తరగతి చాలు, ఇక బీడీలకు కూర్చోబెట్టు, నీకు ఇంకో చెయ్యి అవుతుంది అని. వాడకట్టు అంతా అదే చేసేది, బాపు కానిదేమీ అడగలేదు. ఆ రోజు మా బడి సారు ఇంటికి వచ్చి, పిల్ల ఆగకుండా చదువుతుంది, మాన్పించకమ్మా అని చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లాక అవ్వ చాలా రోజుల తర్వాత నన్ను పిలిచింది. పెన్సిలు తనే వెతికి తెచ్చింది.

“బిడ్డా, గిదొక్కటి రాయి. మీ బాపుకు. పిల్లను బీడీలకు కూసోవెట్టలేనని రాయి. నీ మాట తీసేసినట్టు గాదు. సారొచ్చిండు, చాయ తాగిండు, చక్కెర లచ్చవ్వ ఇంటికెల్లి తెచ్చిన. నా మెడ లేస్తలేదు, నా చేతి యేళ్ల రంగు పోతలేదు. దీనియి గిట్ల గావద్దు. కోపమొస్తే నన్నను, పిల్లనేమనకు.”

బయట తొక్కుడుబిళ్లలో నా వంతు వచ్చిందని పిలుస్తున్నారు. “రేపు రాస్త అవ్వా,” అన్నాను. సరే రేపు అని అవ్వ పేపరు మడిచి పెట్టుకుంది. నేను ఆ రేపటిని మరిచిపోయాను. ఆమె మళ్లీ గుర్తుచేయలేదు. బాపు వచ్చి నేను ఎనిమిదో తరగతికి పోతుండడం చూసి, “నా మాటకు ఈ ఇంట్ల కిమ్మతు లేదు,” అన్నాడు. ఎందుకు కాదన్నావని అడిగితే, కాగితానికి అంత సులువుగా చెప్పిన మనిషి మొగుడికి ఒక్క మాట చెప్పలేకపోయింది. రెండు నెలల సెలవులో ఆయన ఆమెతో మాట్లాడింది తక్కువ. ఆమె అన్నం పెడితే తిన్నాడు, పోయేటప్పుడు సాయిలును ఎత్తుకున్నాడు, నా తల నిమిరాడు, ఆమె వైపు చూడకుండానే బస్సెక్కాడు. తర్వాత్తర్వాత అంతా సర్దుకుందనుకోండి, సంసారాలు సర్దుకుంటాయి. కానీ ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన పోయీ పదేళ్లవుతోంది.

ఇప్పటి పిల్లలు పొద్దున లేస్తే గల్ఫ్‌లో ఉన్న తండ్రికి ఫోన్లో మొహం చూపిస్తారు, ఏం తిన్నారో చూపిస్తారు. నాకు కుళ్లే. మా అవ్వకు దొరికింది వేలెడు వెడల్పు అంచు, ఒక దొంగ రాతగత్తె. ఆ బుద్ధిమంతురాలు ఇవాళ వచ్చి అదే అంచుకు ధర ఎంతని అంగడిలో అడుగుతోంది.

ఇంటికి వచ్చాక కూడా నాకు కోపం తగ్గలేదు. సాయిలు సోఫాలో తల వంచుకుని కూర్చున్నాడు. నేను గేట్ల ఫోటో ఉన్న పేపరును బల్ల మీద పరిచి, మూలల్లో గ్లాసులు పెట్టి, పెన్ను తీశాను. అంచు మీద “పిల్లను బీడీలకు” అని ఆ రోజు అవ్వ చెప్పిన మాటే మొదలుపెట్టాను. పెన్ను జారిపోయింది. గట్టిగా నొక్కితే ప్లాస్టిక్ మీద తెల్లటి గీరు పడింది తప్ప అక్షరం పడలేదు. సిరా పెన్ను తెచ్చి రాశాను. రెండు అక్షరాలు చుక్కలుగా విడిపోయి, నా చెయ్యి తగిలి చెరిగిపోయాయి. ఇన్నేళ్లు ఆ అంచు ఖాళీగా, రాస్తే పట్టేలా ఉంది. వారం కింద కూడా ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సాయిలు లేచి వచ్చి నా భుజం మీదుగా చూశాడు. ఏం రాస్తున్నావని అడగలేదు. “మార్కర్ పెన్నయితే ప్లాస్టిక్ మీద అంటుతదక్కా. బజార్ల దొరుకుతది. రేపు తెస్త.”

“రేపు గాదు,” అన్నాను. “ఇప్పుడే పో.”